ఊట ఎండితే ముందు తెలిసేది మనకే!

ఎసరు పెడదామని బిందెలోకి తొంగి చూస్తే అడుగున చెంబెడు నీళ్లే ఉన్నాయనుకోండి. అప్పుడు పడే హైరానా ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో ఉప్పో పప్పో నిండుకుంటే పక్కింటి నుంచి బదులు తెచ్చుకుంటాం. ఊళ్లో నీటి ఊటే నిండుకుంటే ఎవరింటికి వెళ్తాం చెప్పండి?

అలాంటి కష్టం వచ్చిన ఒక లోయ సంగతి ఈ వారం చెప్పుకుందాం. ఇప్పటి ఉత్తరాఖండ్‌లో, హిమాలయాల పాదాల దగ్గర ఉంది డూన్ లోయ. డెహ్రాడూన్ బాస్మతి బియ్యం అంటే మీకు ఇట్టే గుర్తొస్తుంది! ఆ లోయకి పైన ముస్సోరీ కొండల్లో సున్నపురాయి ఉంది. ఉక్కు, పంచదార, రసాయనాల ఫ్యాక్టరీలకు అది కావాలి. అందుకని క్వారీల వాళ్లు కొండలు పేల్చి రాయిని లారీలకెత్తారు.

రాయే కదా, పోతే పోయిందిలే అనుకుంటాం. అసలు సంగతి అక్కడే ఉంది. గిన్నెలు తోమే కొబ్బరిపీచుని నీళ్లలో ముంచి పైకెత్తి చూడండి. చాలాసేపు చుక్క చుక్కగా కారుతూనే ఉంటుంది. సున్నపురాయి కొండ కూడా అంతే. వాననీటిని పగుళ్లలో దాచుకుని, ఎండాకాలంలో ఊటలుగా వదులుతుంది. ఆ రాయి తవ్వేస్తే వాననీరు ఆగక, బురదతో కలిసి ఒక్కసారే కిందికి దొర్లిపోతుంది. పైనుంచి పడేసిన రాళ్లూ మట్టీ వాగుల్ని పూడ్చేస్తాయి. వేసవికి ఊట ఎండిపోతుంది.

ఇది ముందుగా తెలిసేది నీళ్లు మోసే ఆడవాళ్లకే. 1986 సెప్టెంబరులో నాహీకలా అనే ఊరి ఆడవాళ్లు, చెట్లను కౌగిలించుకుని కాపాడిన చిప్కో ఉద్యమం బాటలోనే, క్వారీ దారికి అడ్డంగా కూర్చున్నారు. గడ్డి కోసుకుని, కట్టెలు మోసుకుని బతికే వాళ్లు లారీలకు ఎదురు నిలిచారు. ఒకటి రెండు రోజులు కాదు, నెలల తరబడి!

ఈ లోయ గురించి 1983లోనే డెహ్రాడూన్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టుకి ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకుంది. 1985 మార్చిలో ప్రమాదకరమైన క్వారీలను మూయించింది. 1988లో మూడింటిని తప్ప మిగతావాటిని ఆపమంది.

"మరి క్వారీలో పనిచేసే కూలీల పొయ్యి ఎలా వెలగాలి?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పని పోయినవాళ్లకి చెట్లు నాటే పనుల్లో, నేల కోతను ఆపే పనుల్లో వీలైనంతవరకు పని చూపమని కోర్టు 1985లోనే చెప్పింది.

ఇక మన సంగతికి వద్దాం. మన ఇళ్ల శ్లాబులకి కంకర కావాలి, మన వీధి రోడ్డుకి గ్రావెల్ కావాలి. కాదనను. అన్ని కొండలూ సున్నపురాయి కొండల్లా నీళ్లు దాచుకోవు, అదీ నిజమే. అందుకే మీ ఊరి కొండ మీదికి క్వారీ వస్తుందంటే, ఆ కొండ సంగతి ముందు మీరు తెలుసుకోవాలి.

ఇంటి లెక్కల పుస్తకంలో ఒక పేజీ దీనికి కేటాయించండి. బావిలో నీళ్లు ఏ నెలలో ఎన్ని మూరల లోతున ఉన్నాయి, ఊట ఏ నెలలో సన్నబడింది, నీళ్లకి రోజుకి ఎన్నిసార్లు వెళ్లాల్సి వచ్చింది... తేదీ వేసి రాయండి. మన దగ్గర ఉన్న ఈ లెక్క ఏ ఆఫీసు ఫైల్లోనూ దొరకదు.

గ్రామసభకి మగవాళ్లని పంపి ఊరుకోకండి. గిరిజన షెడ్యూల్డు ప్రాంతాల్లో కంకర, గ్రావెల్ లాంటి చిన్న ఖనిజాల లీజుకి గ్రామసభ లేక పంచాయతీ సిఫారసు ముందుగా ఉండాలని 1996 చట్టం చెబుతోంది. పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టే గనులకైతే, 2006 నిబంధనల ప్రకారం కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కలెక్టరు గానీ, ఆయన తరఫు అధికారి గానీ వచ్చి కూర్చుంటారు. అక్కడ మీరూ లేచి మాట్లాడొచ్చు. చదువుకోలేదని జంకకండి. పుస్తకం తెరిచి చూపండి, చాలు.

బిందె మోసే భుజానికి తెలిసినంతగా నీళ్ల బరువు ఇంకెవరికి తెలుస్తుంది, ఏమంటారు?