ఇంజనులో ప్రక్షిప్తాలు

పాత మోటారుసైకిళ్ల మీద మనవాళ్లలో పుట్టుకొచ్చిన భక్తిని చూస్తే నాకు ఒకసారి నవ్వు, ఒకసారి కోపం వస్తున్నాయి. ట్యాంకు మీది గీతలు చెరగలేదు కదా, ఇంజను నంబరు ఆర్సీలోని నంబరుతో సరిపోయింది కదా, అంతే! "అసలు సిసలు" అని తీర్పు చెప్పేస్తున్నారు. అయ్యా, ఆ నంబరు చెక్కి ఉండేది క్రాంక్ కేసు మీద. అది పైపెంకు మాత్రమే. లోపల తిరిగే క్రాంక్ షాఫ్టు ఏ బండిదో, ఏ కాలానిదో ఆ నంబరు చెప్పదు.

ఈ సంగతి నాకు పుస్తకం చదివి తెలియలేదు. మా చిన్నాయన ఒక పాత బుల్లెట్ 350 కొన్నాడు. అమ్మినవాడు నంబర్లు చూపించి, దేవుడి మీద ఒట్టు కూడా వేశాడు. ఇంటికి తెచ్చిన నాటి నుంచీ దానికి ఒకటే వణుకు. వేగం యాభై దాటితే చేతులు తిమ్మిరెక్కేవి, బిగించిన నట్లు వారానికే వదులయ్యేవి. "ముసలి బండి, ఆమాత్రం వణకదా" అని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. ఒక సాయంత్రం వరంగల్ నుంచి వర్ధన్నపేటకు వస్తున్నాం. ఊరు కాస్త దూరంలో ఉందనగా ఇంజను పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి పడింది. చిన్నాయన భుజం విరిగింది. వెనక కూర్చున్న నాకు మోకాలి మీద మచ్చ మిగిలింది.

వర్ధన్నపేటలో ఇంజను విప్పిన ముసలి మేస్త్రీ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "గీ ఫ్లైవీళ్లు దీనియి గావు బిడ్డా. ఐదొందల బండియి. ఎవడో జొప్పించిండు" అన్నాడు.

జొప్పించినవాడి తర్కం ఊహించడం కష్టం కాదు. పాత ఇనుప ఇంజను బుల్లెట్లలో 350కీ, 500కీ స్ట్రోక్ 90 మిల్లీమీటర్లే. తేడా బోరులో ఉంది: ఒకదానికి 70, మరోదానికి 84. స్ట్రోక్ ఒకటే అయినప్పుడు క్రాంకు మార్చితే ఏమవుతుంది? పిస్టను బరువు వేరవుతుంది! పిస్టను పైకీ కిందికీ కొట్టుకునే ఊపును కొంత అణచడానికి ఫ్లైవీలుకు ఎదురుబరువు పెడతారు. పిస్టను నిలువుగా కదులుతుంది, ఎదురుబరువు గుండ్రంగా తిరుగుతుంది. అందువల్ల ఆ ఊపును పూర్తిగా అణచడం సాధ్యం కాదు. పెద్ద పిస్టనుకు లెక్కగట్టిన ఎదురుబరువును చిన్న పిస్టను కింద పెడితే నిలువు ఊపు తగ్గినా, ముందువెనకల ఊపు పెరుగుతుంది. ఆ దెబ్బలన్నీ తినేవి బేరింగులు. మా బండిలో బేరింగు తినగలిగినన్నాళ్లు తిని, చివరికి మమ్మల్ని తినబోయింది.

దీనికి తలకిందులైన ఉదాహరణ బీఎస్ఏ. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం విరివిగా వాడిన ఎం20కీ, దాని అన్న ఎం21కీ బోరు ఒకటే, 82 మిల్లీమీటర్లు. స్ట్రోకులు వేరు: 94, 112. రాడ్డూ సిలిండరూ మార్చకుండా పెద్దదాని క్రాంకు చిన్నదానిలో పెడితే పిస్టను పైన 9, కింద 9 మిల్లీమీటర్లు ఎక్కువ దూరం పోవాలి. పైన ఉన్నది హెడ్డు. అన్నీ మార్చి పెడితే ఇంజను చక్కగానే తిరుగుతుంది, కానీ 496 సీసీ బండి 591 సీసీది అవుతుంది. కేసు మీది నంబరు మాత్రం ఏమీ ఎరగనట్టు అలాగే ఉంటుంది.

అయితే క్రాంకు మార్చడమే పాపమా? కాదు. అలా అనే శుద్ధాచారులతో కూడా నాకు పేచీయే. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది. 2018లో జావా పేరు తిరిగొచ్చినా, ఆ నాలుగు స్ట్రోకుల కొత్త ఇంజను క్రాంకు పాత రెండు స్ట్రోకుల బండికి పనికిరాదు. మరి పాత జావా ఉన్నవాడు ఏం చేయాలి? బండిని గోడకు ఆనించి పూజ చేయాలా? పాడుబడ్డ మరో బండి నుంచి క్రాంకు తెచ్చి, కొలిచి, సరిచేసి వేసుకోవడం ప్రాణం పోయడమే. ఆ పని తెలిసిన మేస్త్రీ, క్రోమియం తళతళలకు మురిసిపోయే సేకర్తకంటే ఆ యంత్రానికి నిజమైన బంధువు.

పాపం దాచడంలో ఉంది. సాహిత్యం చదివే మీకు ఇది వేరే చెప్పాలా? బ్రౌను వేర్వేరు తాళపత్ర ప్రతులు సేకరించి, పోల్చి, 1829లో వేమన పద్యాలను అచ్చువేయించాడు. ప్రతుల్లో తేడాలుండటం నేరం కాదు. పాఠాంతరం అని చెప్పి ఇస్తే అది పాండిత్యం, చెప్పకుండా జొప్పిస్తే అది ప్రక్షిప్తం. ఇంజనుకూ అదే న్యాయం.

చట్టం లేదా అంటే, ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఆర్సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చవద్దంటుంది. 2019 సవరణ అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ అంటుంది. 2021 నిబంధనలు వింటేజి గుర్తింపు కావాలంటే బండికి యాభై ఏళ్లు దాటాలనీ, ఇంజనుతో సహా మూలరూపం చెడకూడదనీ అంటాయి. బాగానే ఉంది. కానీ బయటినుంచి నంబరు మాత్రమే చూసేవాడికి లోపలి క్రాంకు ఎలా కనిపిస్తుంది?

అందుకే నేను అడిగేది ఒక్క కాగితం. క్రాంకు ఏ బండిది, దాని స్ట్రోకు ఎంత. పిస్టను బరువెంత, దానికి తగినట్టు ఎదురుబరువు సరిచేశారా. కూర్చాక డయల్ గేజి పెట్టి చూస్తే మిల్లీమీటరులో ఎన్ని వందో వంతులు ఊగుతోంది. ఈ మూడూ రాసి మేస్త్రీ సంతకం పెట్టాలి. అమ్మేవాడు దాన్ని ఆర్సీతో పాటు ఇవ్వాలి. కొనేవాడు నంబరుకంటే ముందు దాన్ని అడగాలి.

ఆ ముసలి మేస్త్రీ మరో 350 నుంచి తెచ్చిన క్రాంకును సరిచేసి మా బండికి వేశాడు. ఏం వేశాడో మా నోటు పుస్తకంలో రాయించి వేలిముద్ర వేశాడు. ఆయనకు రాయడం రాదు. ఇప్పుడు బండి వణకడం లేదు. కొంటామని వచ్చినవాళ్లకు చిన్నాయన మొదట ఆ కాగితమే చూపిస్తాడు. "అయితే ఇది ఒరిజినల్ కాదన్నమాట" అని వాళ్లు పెదవి విరిచి వెళ్లిపోతారు. పోనీయండి!