వాసన ఎవరిది? (నాలుగో భాగం)

పోయిన మూడు భాగాల్ల, పెద్దకూర వాసన పేరు చెప్పి నిజామాబాద్ టౌన్‌ల మనోళ్లకు ఇల్లు కిరాయికి ఇయ్యని సంగతులు రాసిన. చదివిన మిత్రులు కొందరు ఇన్‌బాక్స్‌ల "అన్నా, వాసన పడకపోవుడు ఎవరికైనా ఉంటది, ప్రతిదాన్నీ కులంతోని ముడిపెట్టకు" అన్నరు. సరే, ముడి విప్పి చూద్దాం. ఈ వానకాలంల కుక్కను పెంచే పెద్దిండ్లల్లకు పోదాం రండి.

మా చిన్నమ్మ టౌన్‌ల మూడిండ్లల్ల పని చేస్తది. ఒక ఇంట్ల పెద్ద కుక్క ఉన్నది. ముసురు పట్టిందంటే కిటికీలు బంద్, తలుపులు బంద్. వానకు తడిసిన కుక్క సోఫా మీద పండుతది. రాత్రి బయటికి తీస్కపోయేటోళ్లు లేక మూలకు ఉచ్చ పోస్తది. ఇంటోళ్లకు ఆ కంపు తెల్వదు. రోజూ పీల్చే వాసనను ముక్కు లెక్కచెయ్యదు. చుట్టాలొచ్చి మొఖం తిప్పుకుంటే అప్పుడు చిన్నమ్మకు ఫోన్ వస్తది: "జల్ది రా, ఇల్లంతా వాసనొస్తుంది."

అదే ఇంట్ల పైపోర్షన్ ఖాళీ అయితే చిన్నమ్మ కిరాయికి అడిగింది. "మీరు వండుకునేదాని వాసన మాకు పడదు" అన్నరు. కుక్క సోఫా మీదున్నది, చిన్నమ్మ చాయ్ గ్లాసు బాల్కనీల గూట్ల బోర్లించి ఉన్నది. స్వభావం అన్న మిత్రులారా, ఇది ఏ ముక్కు స్వభావం?

కుక్క మీద నాకు కోపం లేదు. అది ఎవరి చేతి బువ్వైనా తింటది.

ఆ ఇంట్ల వాసన పోగొట్టమని చిన్నమ్మకు ఇచ్చేది ఏంటిది? ఫినాయిల్, బాత్రూం ఆసిడ్, బ్లీచింగ్ పౌడర్. ఈ మూడింటి సంగతి కొంచెం ఓపికతోని చదవండి. ఉచ్చల ఉండే యూరియాను బ్యాక్టీరియా విడగొడితే అమ్మోనియా పుడతది. ముక్కుకు గుచ్చుకునేది అదే. నేల ఆరినట్టు కనిపించినా ఉప్పులు, మురికి సందులల్ల ఉండిపోతయి, గాలిల తేమ పెరగంగనే మళ్ల తడిసి కంపు లేస్తది. ఎండకాలం లేని వాసన ముసురుకు ఎక్కడికెల్లి వచ్చిందంటే ఇక్కడికెల్లే. ఫినాయిల్ దాని మీద ఇంకో వాసన కప్పుతది, అంతే. పైగా నల్ల ఫినాయిల్ల ఉండే ఫినాల్ రకం మందులు పిల్లులకు విషం, కుక్కలకూ మంచిది కాదు.

ఆసిడ్ ఇంకా అన్యాయం. మన దిక్కు చానా ఇండ్లల్ల తాండూరు బండలే. అది సున్నపురాయి. ఆసిడ్ పడితే బుసబుస పొంగి రాయి తినుకుపోతది, గరుకైన గుంటలల్ల ఉచ్చ ఇంకా ఇంకుతది. వెనిగర్ చిట్కా వీడియోలు చూసేటోళ్లకు కూడా ఇదే మాట. నున్నటి టైల్స్ మీద వాడుకోండి, తాండూరు బండ మీద, మార్బుల్ మీద వద్దు.

ఇగ బ్లీచింగ్ పౌడర్‌ను ఉచ్చ మీద చల్లితే అమ్మోనియాతోని కలిసి క్లోరమిన్ గ్యాస్ వస్తది. ఆసిడ్‌తోని కలిస్తే క్లోరిన్ వస్తది. మొదటి ప్రపంచ యుద్ధంల, 1915ల, బెల్జియంల సైనికుల మీదికి వదిలింది ఈ క్లోరిన్‌నే. "రెండూ కలిపి గట్టిగ కడుగు" అని మేడమ్ చెప్పింది. తలుపు దగ్గరికేసి ఉన్న చిన్న రూంల మా చిన్నమ్మ కడిగింది. రెండు రోజులు దగ్గు ఆగలేదు. ఆ రెండు రోజుల జీతం కోసిన్రు.

పద్ధతి తెల్వక కాదు. తాజా ఉచ్చను రుద్దొద్దు, పాత బట్టతోని అద్ది పీల్చాలె. సబ్బునీళ్లతోని కడిగి, ఎంజైమ్ లిక్విడ్ పోసి, సీసా మీద రాసినంతసేపు తడిగనే ఉంచాలె. దాంట్ల ఫినాయిల్ కలిపితే పని చెయ్యదు. తర్వాత ఆరబెట్టుడు, అసలు కష్టం అదే. ఫ్యాన్, ఎదురుబదురు కిటికీలు, ఏసీ ఉంటే డ్రై మోడ్. కుక్క పండే బట్ట వారం వారం ఉతకాలె, ఎండ తగిలిన పూటల్లా ఆరెయ్యాలె. పరుపు లోపలికి దిగితే ఆ పరుపు మీద ఆశ వదులుకోవాలె. ఇది ఊడ్చుడు తుడుసుడుల కలిసిపోయే పనేనా? గంటలు పట్టే పని. ఎంజైమ్ సీసా కొనుమంటే "అంత రేటా" అంటరు, అదే చేత్తోని కుక్క షాంపూ కొంటరు.

1917ల బరోడాల బాబాసాహెబ్‌కు ఉండనీకి రూం దొరకలేదు. అమెరికాల చదివొచ్చిన మనిషి, పార్సీ సత్రంల పేరు మార్చుకొని ఉంటే అక్కడికెల్లి కూడా ఎల్లగొట్టిన్రు. అప్పుడు ముట్టు అన్నరు, ఇప్పుడు వాసన అంటున్నరు.

మా ముప్కాల్ దిక్కు పసుపు ఉడకబెట్టే రోజుల్ల ఆ ఘాటు ఊరంతా ఉంటది. ఎవ్వరూ ముక్కు మూసుకోరు, పంట వాసన అంటరు. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్ని దినాలు మడ్డి వాసనను బతుకు అన్నరు. 2015 డిసెంబర్‌ల మూతపడ్డంక మళ్ల తెరవాలని ధర్నాలు చేసిన్రు, నేనూ పోయిన. లందల తంగేడు చెక్క నీళ్లు పోసి తోలు నానబెడితే మాత్రం అది కంపు అయింది, వాడ ఊరవతలికి పోయింది. ఆ తోలుతోని కుట్టిన మోటబొక్కెన మటుకు ఊరి బావులల్లకు దిగింది.

ఇంటి పనోళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లనే 189వ ఒప్పందం చేసింది. మన దేశం ఇప్పటిదాక ఆమోదించలేదు. ఆమోదించేదాక ఆగేది లేదని మా చిన్నమ్మ, ఆమె తోటి ఆడోళ్లు నలుగురు ఈ నెల సంది ఒక మాట మీదున్నరు: కుక్క ఉచ్చ కడుగుడుకు వేరే పైసలు, చేతులకు గ్లౌజులు, ఆసిడ్ ముట్టం. ఇద్దరు మేడమ్‌లు ఒప్పుకున్నరు. ఒకామె "రేపటి సంది రాకు" అన్నది. ఆ ఇల్లు పోయింది. పైపోర్షన్ ఇయ్యనన్న ఇల్లే అది.

లంద గురించి వచ్చే ఆదివారం రాస్త.

జై భీమ్.