దుబాయ్ నాలుగు గంటలేనట!

హైదరాబాద్ నుంచి ఢిల్లీ రెండుంబావు గంటలు, దుబాయ్ నాలుగు గంటలు. ప్రయాణం సంగతి వస్తే చాలు, అందరూ వల్లించే లెక్క ఇదే. ఒక విమానాశ్రయం నుంచి ఇంకో విమానాశ్రయానికి ఎంత దూరమో, ఎంతసేపు పడుతుందో చెప్పేస్తే ఊళ్లు దగ్గరైపోయినట్టే. వరంగల్ దగ్గరి మామునూరులో విమానాలు దిగితే జనగామ జిల్లాకు కూడా ప్రపంచం గడప ముందుకొస్తుందని ఇప్పుడు కొత్త మాట. ఆ జిల్లాలోని తరిగొప్పుల వాళ్లు ఈ మాట నమ్మక్కర్లేదని నా వాదన.

ముందు ఆ దూరం సంగతి. అది మ్యాపు మీద గీసిన గీత. హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్ నుంచి మామునూరుకు గాలి దూరం సుమారు 145 కిలోమీటర్లు. ఈ అంకెతో ప్రయాణికుడికి ఒరిగిందేమీ లేదు. శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలో మాత్రం అదే అడ్డుపడింది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు ఉండటంతో, నిజాం కాలంలో 1930లో కట్టి 1981లో మూతపడ్డ మామునూరుకు, శంషాబాద్ విమానాశ్రయాన్ని నడిపే జీఎంఆర్ అభ్యంతరం లేదన్నాక, 2025లో గానీ కేంద్రం అనుమతి రాలేదు.

సమయమూ అంతే. టికెట్ మీద ఉండేది గాల్లో ఎగిరే సేపు కాదు. ఇక్కడ విమానం కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా పాకడం, వంతు కోసం నిలబడటం అన్నీ అందులోనే. శంషాబాద్ నుంచి విజయవాడ దగ్గరి గన్నవరం 260 కిలోమీటర్ల పైచిలుకు. గంటకు 500 కిలోమీటర్లు పోగల చిన్న విమానం ఏటీఆర్‌కు కూడా టైంటేబుల్లో గంట అటూ ఇటూ ఇస్తారు. దుబాయ్‌కి పోయేటప్పటికన్నా వచ్చేటప్పుడు తక్కువ సేపు పడుతుంది. అది గాలి చలవ.

ఇవన్నీ చిల్లర తేడాలే అనుకుందాం. 2008 మార్చిని ఏమంటారు? అంతకుముందు జనగామలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగితే బేగంపేట విమానాశ్రయం ఆటో దూరం. విమానాలు శంషాబాద్‌కు మారాక సికింద్రాబాద్‌లో దిగినవాడు నగరం మొత్తం దాటాలి. ఢిల్లీ, దుబాయ్ మాత్రం ఉన్నచోటే ఉన్నాయి, గాల్లో ప్రయాణం పెరిగిందీ లేదు. పెరిగిందంతా నేల మీదే. ఆ పెరుగుదల ఏ ఫ్లైట్ టైంలోనూ కనబడదు.

గల్ఫ్‌కు పోయేవాణ్ని సాగనంపే ఇంటికి వెళ్లి చూడండి. అట్టపెట్టెకు నైలాన్ తాడు, మూత మీద మార్కర్‌తో పేరు, ఫోన్ నంబరు. మామిడికాయ తొక్కు డబ్బాకు నూనె కారకుండా మూడు పొరల కవరు. తెల్లవారుజాము ఫ్లైటు కాబట్టి రాత్రి అన్నం తిని బయల్దేరాలి, మూడు గంటల ముందే అక్కడుండాలి. ఆ వేళ బస్సును నమ్ముకోలేరు, కారు కిరాయికి మాట్లాడతారు. "పైలం బిడ్డా" అని తల్లి చెప్పిన దగ్గర్నుంచి విమానం కదిలేసరికి రాత్రి మొత్తం గడిచిపోతుంది. ఆ తర్వాత మొదలవుతాయి మనవాళ్లు చెప్పే నాలుగు గంటలు.

మరి మామునూరు వస్తే? తరిగొప్పుల నుంచి జనగామకు దిగి, స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట, హన్మకొండ దాటి, వరంగల్ అవతల ఖమ్మం రోడ్డు పట్టాలి. శంషాబాద్ కంటే దగ్గరే, కాదనను. కానీ అక్కణ్నుంచి నేరుగా దుబాయ్‌కి విమానం ఉంటేనే ఆ దగ్గరతనానికి అర్థం. హైదరాబాద్‌లో దిగి ఇంకోటి ఎక్కాల్సి వస్తే, మధ్యలో కాచుకునే గంటలు ఆ లాభాన్ని మింగేస్తాయి.

విమానాశ్రయం వద్దని నేననడం లేదు. వరంగల్‌కు అది రావాల్సిందే, ఆలస్యంగానైనా వస్తోంది. కానీ రన్‌వేను ఎంత పొడిగిస్తారో అందరూ అడుగుతున్నారు గానీ, తరిగొప్పుల నుంచి జనగామకు రాత్రి పదింటికి బస్సు వేస్తారా అని అడిగినవాడు నాకింకా కనబడలేదు.