చేతులు కలిపితే సరా?



బిజినెస్ రియాలిటీ షోల మీద గతవారం మీ పత్రికలో వేసిన వ్యాసం చదివాను. అవి కుర్రకారుకి ధైర్యమిస్తాయంటే కాదనను. కానీ చేతులు కలపగానే డబ్బు ఖాతాలో పడిపోతుందన్నట్టు రాశారే, పేచీ అక్కడే.

వ్యాపారులు తమ కంపెనీలో వాటా ఇస్తామని పెట్టుబడి అడిగే షో, 2009లో అమెరికాలో మొదలైన ‘షార్క్ ట్యాంక్’నే తీసుకోండి. మనకు చూపించే పది నిమిషాల బేరానికి షూటింగ్ గంటదాకా సాగుతుంది. తలుపులు తెరుచుకున్నాక మనిషి తివాచీ మీదికొచ్చి నోరు మెదపకుండా నిలబడాలి. కెమెరాల పని అయ్యేదాకా ఎదుట పెట్టుబడిదారులు ఎగాదిగా చూస్తూ కూర్చుంటారు. (పెళ్లిచూపులే నయం, కాఫీ అయినా దొరుకుతుంది.) కుదిరిన బేరం కూడా నోటిమాటే. తర్వాత లెక్కలు, కాగితాలు తిరగేశాక వాటా మారొచ్చు, అసలుకే ఎసరు రావొచ్చు. తొలి సీజన్లలోనైతే బేరం కుదిరినా కుదరకపోయినా, తెరమీద కనిపించినందుకే కంపెనీలో 5 శాతం వాటా గానీ లాభాల్లో 2 శాతం గానీ నిర్మాణ సంస్థకు రాసివ్వాలన్న షరతుండేది. అప్పట్లో ఆ షోలో పెట్టుబడిదారుగా ఉన్న మార్క్ క్యూబన్ పట్టుబట్టాక 2013లో దాన్ని ఎత్తేశారు.

అలాగని బేరం కుదరకపోతే అంతా పోయినట్టూ కాదు. ఆ ఏడాదే ఆ షోకి కెమెరా కాలింగ్‌బెల్ తెచ్చిన జేమీ సిమినాఫ్ బేరం కుదరక ఉత్తచేతులతో వెనుదిరిగాడు. అతని వ్యాపారమే ‘రింగ్’ అయ్యి, 2018లో అమెజాన్‌కి వంద కోట్ల డాలర్ల పైమాటకి అమ్ముడుపోయింది.

పచ్చళ్ల వ్యాపారం పెట్టిన మా మేనకోడలు మీ వ్యాసం కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకుంది. ఈ ఉత్తరం అచ్చేస్తే దాని పక్కన నేనే అంటిస్తాను.

– ఒక పాఠకుడు, గుంటూరు