మొక్కు తీరాక మరో పూట

'దక్షిణ కోస్తా' అన్నమాట మనకి ఎక్కువగా తుపాను వార్తల్లోనే వినిపిస్తుంది. మిగతా రోజుల్లో ఆ దారి పట్టేది మొక్కు ఉంటేనే. మాఘపౌర్ణమికి హంసలదీవిలో సముద్రస్నానం, కృష్ణాజిల్లా శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు దర్శనం, బాపట్లలో భావనారాయణస్వామికి ఓ కొబ్బరికాయ. ఆనక పులిహోర పొట్లాలు విప్పడం, తిరుగు బస్సు ఎక్కడం.

"ఊళ్లు చూసొస్తాను" అని ఇల్లాలు అంటే "ఇప్పుడంత అవసరమేమొచ్చింది?" అంటారు. "మొక్కుంది" అంటే ఎవరూ కాదనరు. సరే, మొక్కు పేరుతోనే బయల్దేరుదాం. కానీ దర్శనం అయ్యాక మరో పూట అడిగి తీసుకుందాం. ఎందుకంటే ఆ దారి పొడుగునా మనలాంటి ఆడవాళ్ల ఆనవాళ్లున్నాయి.

శ్రీకాకుళానికి దగ్గర్లోనే ఘంటసాల. సుమారు రెండువేల ఏళ్లనాడు అది పేరున్న రేవు. అక్కడి బౌద్ధస్తూపం దిబ్బని ఇవాళా చూడొచ్చు. 3వ శతాబ్దంలో బోధిశ్రీ అనే ఉపాసిక నాగార్జునకొండలో ఓ శాసనం వేయించి, తాను కట్టించినవన్నీ వరసగా చెప్పుకుంది. అందులో ఘంటసాల మహాచైత్యం తూర్పు వాకిట కట్టించిన రాతిమండపం ఒకటి. ఆవిడ రాణి కాదు, సన్యాసిని కాదు. గృహస్థుల ఇంటి ఆడపడుచు. తనవాళ్లని పేరుపేరునా తలుచుకుంటూనే, చేసిన పని తన పేరునే రాయించుకుంది!

అక్కణ్ణించి బందరు ఎంతో దూరం లేదు. డచ్చివాళ్లూ, ఇంగ్లీషువాళ్లూ ఈ రేవుకి ఎగబడింది మన బట్టల కోసం. ఇంగ్లీషు ఓడ వచ్చింది 1611లో. ఆ బట్టకి నూలు వడికిన చేతులు ఆడవాళ్లవే. వాళ్ల పేర్లు ఏ లెక్కల పుస్తకంలోనూ కనపడవు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో ఇక్కడ దాదాపు 30 వేలమంది పోయారు. బందరుకోటలో మిగిలిన గోడల మధ్య నిలబడితే ఆ రెండు సంగతులూ గుర్తురావాలి.

బాపట్ల మీదుగా చీరాల దాటి వెళ్తే, చినగంజాం దగ్గర మోటుపల్లి. చూడబోతే చిన్న పల్లె. కాకతీయుల ఓడరేవు ఇదే. గాలివానకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని పూర్వపు రాజులు లాగేసుకునేవారు. గణపతిదేవుడు 1244లో ఇక్కడ అభయశాసనం వేయించి, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని వర్తకులకి మాటిచ్చాడు. ఆ శతాబ్దం చివర మార్కోపోలో ఈ రేవు గురించి రాస్తూ, న్యాయంగా ఏలుతున్న రాణి ఉందని మెచ్చుకున్నాడు. అయితే ఆమెని చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. ఆ రాణి గణపతిదేవుడి కూతురు రుద్రమ. ఆడది సింహాసనం ఎక్కిందంటే మొగుడి తాలూకే అయ్యుంటుందని ఆ పెద్దమనిషికీ అనిపించినట్టుంది!

ఇన్ని ఉండీ మనం ఎందుకు ఆగం? ప్రయాణమంటే ఆడవాళ్ల నోట మొదట వచ్చే ప్రశ్న చరిత్ర గురించి కాదు. "అక్కడ బాత్‌రూమ్ ఉంటుందా?" అన్నదే. నీళ్లు తాగడం మానేసి ప్రయాణం చేసే అలవాటు మనలో ఎంతమందికి లేదు? ఎవరూ రావడం లేదని సౌకర్యాలు పెట్టరు. సౌకర్యాలు లేవని మనం వెళ్లం. మధ్యలో ఆ ఊళ్లు మరుగున పడిపోతాయి.

కోటకి రంగులు, గేటుకి తోరణాలు తర్వాత చూసుకోవచ్చు. శుభ్రమైన మరుగుదొడ్డి, తాగే నీళ్లు, తెలుగులో నాలుగు మాటలు రాసిన బోర్డు ముందు కావాలి. నలుగురైదుగురు కలిసి వెళ్లండి. లేనివేవో ఆ ఊరి పంచాయతీకి రాసిచ్చి రండి. కింద ఎవరి సంతకం వాళ్లే పెట్టండి. బోధిశ్రీ తన పేరు రాతిమీద చెక్కించింది, మనం కాగితం మీదైనా రాయలేమా?