రెండు దేనారాలతో తీరిపోయిందా?

మంచి సమరయుని ఉపమానం మనమంతా ఎన్నోసార్లు విన్నదే. దొంగలు కొట్టి కొనప్రాణంతో విడిచిన బాటసారి గాయాలకు అతను నూనె, ద్రాక్షారసం పోసి కట్లు కట్టాడు. పూటకూళ్లవాని ఇంటికి చేర్చి, మరునాడు రెండు దేనారాలిచ్చాడు. అంటే ఆనాటి కూలివాని రెండు రోజుల జీతం. అంతటితో చేతులు దులుపుకోలేదు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు (లూకా 10:35). ప్రసంగాల్లో మనం తరచూ దాటేసే మాట అదే. గాయం ఎన్నాళ్లకు మానుతుందో ముందే లెక్కగట్టలేమని ఆ సమరయునికి తెలుసు.

ఆ 'ఇంకా ఖర్చయితే' అన్న మాట దగ్గరే అమెరికాలో ఎందరో కార్మికులు నలిగిపోతున్నారు. మన తెలుగు కుటుంబాల బిడ్డలూ అక్కడ పనిచేస్తున్నారు గనుక ఇది మనకు పరాయి విషయం కాదు. 1911 నుంచి అక్కడ ఒక్కొక్క రాష్ట్రంలో 'వర్కర్స్ కాంపెన్సేషన్' చట్టాలు వచ్చాయి. పనిలో దెబ్బ తగిలితే తప్పెవరిదని చూడకుండా యజమాని తరఫు బీమా వైద్యం చేయించాలి. బదులుగా కార్మికుడు యజమానిపై దావా వేసే హక్కును చాలావరకు వదులుకుంటాడు. మొదట్లో బిల్లులు చెల్లిస్తారు. వెన్ను దెబ్బతిని ఏళ్ల తరబడి నొప్పితో జీవించేవారికి మాత్రం ఒకరోజు ఉత్తరం వస్తుంది. ఈ మందు అవసరమని రుజువు కాలేదు, ఇక చెల్లించలేమని దాని సారాంశం. ఆ నిర్ణయానికి సలహా ఇచ్చిన డాక్టరు చాలాసార్లు రోగిని చూసి ఉండడు, కాగితాలే చూస్తాడు.

ఈ జాగ్రత్తకు కారణం లేకపోలేదు. నల్లమందు జాతికి చెందిన ఓపియాయిడ్లు అక్కడ లక్షలమంది ప్రాణాలు తీశాయి. అందుకే 2016లో ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ సిడిసి మార్గదర్శకాలిచ్చింది. అయితే డాక్టర్లకు సలహాగా ఇచ్చినదాన్ని చాలాచోట్ల కఠిన నియమంగా మార్చేశారు. ఈ మందులను హఠాత్తుగా ఆపితే నొప్పి తిరగబెట్టడమే కాక ఆత్మహత్యలకూ దారితీయవచ్చని 2019లో ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. తన సూచనలు మార్పులేని శాసనం కాదని 2022లో సిడిసి కూడా స్పష్టం చేసింది.

ఒకణ్ణి గాయపరచినవాడు అతను పోగొట్టుకున్న కాలానికి పరిహారమిచ్చి, పూర్తిగా బాగయ్యేవరకు చూసుకోవాలని మోషే ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది (నిర్గమ 21:19). అక్కడ గడువు పెట్టలేదు.

తిరస్కరణ ఉత్తరం అందుకున్నవారు మందును సొంతంగా ఒక్కసారిగా మానేయకూడదు. వెంటనే వైద్యం చేసే డాక్టరును కలవాలి. నొప్పి ఉందని రాస్తే చాలదు. ఆ మందుతో ఎంత దూరం నడవగలుగుతున్నారో, ఏ పని చేసుకోగలుగుతున్నారో కూడా రాయించుకోవాలి. గడువు మించకముందే అప్పీలు చేయాలి. కాలిఫోర్నియాలో స్వతంత్ర వైద్య సమీక్ష కోరడానికి సాధారణంగా 30 రోజులు, ఆ రాష్ట్ర మందుల జాబితాపై వివాదమైతే 10 రోజులే గడువు. అన్యాయస్థుడైన న్యాయాధిపతి చుట్టూ తిరిగిన విధవరాలు భిక్ష అడగలేదు, న్యాయం అడిగింది (లూకా 18:3). విసుగక అడగడం ప్రార్థనలోనే కాదు, ఫైళ్ల దగ్గరా అవసరమే.

మరి సంఘం ఏం చేయాలి? 'విశ్వాసముంటే మాత్రలెందుకు?' అని నొప్పితో ఉన్నవారిని గుచ్చకూడదు. ఎందరినో స్వస్థపరచిన పౌలు, తరచూ జబ్బుపడే తిమోతిని గద్దించలేదు. కడుపు బాధకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు (1 తిమోతి 5:23). డాక్టరు చెప్పినట్టు మందు వాడేవారందరినీ వ్యసనపరులని అనుమానించడం మరో గాయం చేయడమే. 'ప్రార్థన చేస్తాం బ్రదర్' అని చెప్పి వచ్చేయకుండా, ఆ ఉత్తరం చదివి పెట్టాలి, దరఖాస్తు నింపడంలో సాయపడాలి, విచారణకు తోడుగా వెళ్లాలి. చేతికి సాయమివ్వని దీవెన వల్ల ప్రయోజనమేమిటని యాకోబు అడగలేదా?

బీమా కంపెనీ రెండు దేనారాలతో లెక్క మూసేయవచ్చు. సంఘం మాత్రం ఆ పూటకూళ్లవాని ఇల్లు. ఆలస్యమైనా సరే, తిరిగి వచ్చి లెక్క తీరుస్తానన్న ప్రభువు మాట నమ్మి, గాయపడినవాణ్ణి అది గడప బయటకు పంపకూడదు.