కోడ్ రానివారికీ ఒక కుర్చీ వేయండి

గౌరవనీయులైన టి-హబ్ నిర్వాహకులకు,

స్టార్టప్‌లకు తోడ్పడేందుకు 2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలైన మీ సంస్థ 2022 జూన్‌లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారింది. ఈలోగా స్టార్టప్ అనే మాట మన జిల్లాల్లోనూ వినబడసాగింది. కానీ ఆ మాట వినగానే మనవాళ్లకు ఇప్పటికీ గుర్తొచ్చేది బీటెక్ చదివిన కుర్రాడే. బీకాం చదివిన అమ్మాయో, అడ్తి దుకాణంలో లెక్కలు రాసే అబ్బాయో, ఆసుపత్రిలో ఏళ్లుగా నర్సుగా చేస్తున్నావిడో ‘నాకూ ఒక ఆలోచన ఉంది’ అంటే, వెంటనే ఎదురయ్యే ప్రశ్న ‘కోడింగ్ వచ్చా?’ అనే. రాదంటే మాట అక్కడితో సరి. ఈ లేఖ వాళ్ల తరఫున రాస్తున్నాను.

మన ఫణీంద్ర సామ కథనే చూడండి. 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. ఆ చిరాకులోంచి 2006లో, ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ పుట్టింది. స్థాపించిన ముగ్గురూ ఇంజినీర్లే కాబట్టి సాఫ్ట్‌వేర్ తయారుచేయడం వాళ్లకు పెద్ద పని కాలేదు. చిక్కంతా ట్రావెల్స్ వాళ్లను ఒప్పించడంలోనే వచ్చింది. వాళ్లకు సాఫ్ట్‌వేర్‌తో పని లేదు, సీట్లు అమ్ముడుపోతే చాలు. ఆ సంగతి తెలిసి, సీట్లు అమ్మిపెట్టే దారికి మారాకే వ్యాపారం నిలబడింది. ఇంజినీర్లు వెళ్లి బస్సుల వ్యాపారం నేర్చుకోగా లేనిది, వ్యాపారం తెలిసినవారు వచ్చి సాఫ్ట్‌వేర్ సంగతులు నేర్చుకుంటే తప్పేముంది?

అలా వచ్చి నిలిచినవారు ఉన్నారు కూడా. సౌందర్య సాధనాలు ఆన్‌లైన్‌లో అమ్మే నైకాను 2012లో ప్రారంభించిన ఫాల్గుణి నాయర్ అంతకుముందు ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో విద్యార్థులకు డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్పుతూ, అది ఎంత కష్టంగా ఉందో గమనించిన మెలనీ పెర్కిన్స్ ముందు స్కూలు ఇయర్‌బుక్‌లు తయారుచేసే చిన్న వ్యాపారం పెట్టారు. గూగుల్‌లో పనిచేసిన కామెరాన్ ఆడమ్స్ ఆ తర్వాత తోడయ్యాక 2013లో, ఎవరైనా తేలికగా డిజైన్లు చేసుకునే కాన్వా జనంలోకి వచ్చింది. ఆయన చేరేనాటికే ఆమె దగ్గర వ్యాపారం ఉంది, డబ్బు కట్టే స్కూళ్లున్నాయి.

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వెళ్తే మిర్చిని చేత్తో పట్టి చూసి తేజ రకమో, చపాటానో, అందులో తాలు ఎంతో, తేమ ఎంతో చెప్పే మనుషులు కనిపిస్తారు. రైతు ఏ రేటుకు ఒప్పుకుంటాడో, ఎక్కడ మోసపోతాడో వాళ్లకు తెలుసు. మిర్చికి యాప్ చేయాలనుకునే కుర్రాడికి ముందు కావలసింది ఈ తెలివే. చెబితే కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనాలు వచ్చాక దీని విలువ ఇంకా పెరిగింది. నమూనా తయారుచేయడం తేలికైంది. ఏది తయారుచేయాలో తెలియడం మాత్రం తేలిక కాలేదు.

అలాగని ఆలోచన ఒక్కటే పట్టుకొచ్చి సగం వాటా అడిగేవారిని నేను సమర్థించడం లేదు. కోడ్ రానివారు రుజువుతో రావాలి. వాట్సాప్ గ్రూపుతో, గూగుల్ షీట్‌తో పదిమందికి తాము అనుకున్న పని చేసిపెట్టి, డబ్బు తీసుకుని, ఆ లెక్క చూపించాలి. సర్వర్ అంటే ఏమిటో, డేటాబేస్ ఎందుకో తెలిసేంతవరకైనా చదువుకోవాలి. డబ్బు లావాదేవీలనూ రోగుల వివరాలనూ ఏఐ రాసిన కోడ్‌కు వదిలేయకుండా తెలిసినవారితో పరీక్ష చేయించాలి.

మీ నుంచి కోరేవి మూడు. మొదటిది, దరఖాస్తులో సాంకేతిక భాగస్వామి ఉన్నారా అని అడిగే ముందు, మీకు ఈ రంగం ఎంత తెలుసు, ఇప్పటికే ఎవరు డబ్బు కట్టారు అని అడగండి. రెండోది, వరంగల్, ఖమ్మం, నిజామాబాద్ లాంటి ఊళ్లలో వ్యాపారులనూ ఇంజినీర్లనూ ఒకచోట కూర్చోబెట్టండి. వెంటనే వాటాలు పంచుకోమనకుండా, ముందు ఒక చిన్న పని కలిసి చేయించండి. వాటాలు కూడా నాలుగేళ్లలో విడతలవారీగా దక్కేలా రాసుకోవడం నేర్పండి. మధ్యలో ఒకరు వెళ్లిపోయినా కంపెనీ నిలుస్తుంది.

మూడోది చట్టం సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, జీతం మీద పనిచేసే ఉద్యోగి రాసిన కోడ్ మామూలుగా కంపెనీదే అవుతుంది. బయటి ఫ్రీలాన్సర్ రాసినది మాత్రం, డబ్బు మనమే ఇచ్చినా, హక్కు రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే అతనిదే. ఆ పత్రంలో గడువు రాయకపోతే హక్కు ఐదేళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని చట్టం లెక్కిస్తుంది. ఇది తెలియక యాప్‌కు డబ్బు పెట్టేవారికి మీరు తెలుగులో ఒక నమూనా ఒప్పందం ఇస్తే, ఎన్నో ప్రసంగాలకన్నా మేలు చేసినవారవుతారు.

మీది ప్రజాధనంతో నిలబడ్డ సంస్థ. ఆ ధనంలో అడ్తి దుకాణాల పన్నూ, నర్సమ్మల పన్నూ ఉంది. వచ్చే దరఖాస్తుల నుంచే ఈ మార్పు మొదలుపెట్టండి.

ఇట్లు,
వరంగల్ నుంచి, కోడ్ రాయడం రాని ఒక కామర్స్ పట్టభద్రుడు